కాగితం తిప్పినంతసేపు

మా నాన్న పోలీసు బ్యాండులో ముప్పై ఆరేళ్ళు పనిచేశాడు కానీ, ఏ వాయిద్యాన్నీ ఒక్కరోజు కూడా నోటికి ఆనించలేదు. ఆయన పని నకలు రాయడం. బ్యాండు మాస్టరు ఒక పెద్ద కాగితం మీద అన్ని వాయిద్యాల స్వరాలనూ ఒకదాని కింద ఒకటిగా రాసి పడేస్తే, అందులోంచి క్లారినెట్‌ది క్లారినెట్‌కి, ట్రంపెట్‌ది ట్రంపెట్‌కి విడదీసి, ముప్పై మందికి ముప్పై చిన్న ప్రతులు రాసివ్వాలి. అయిదు గీతలు గీయడం, వాటి మీద చుక్కలు పెట్టడం, చుక్కలకు తోకలు తగిలించడం. బ్యాండు వాళ్ళు ఆయన్ను సిరా మేస్త్రి అని పిలిచేవాళ్ళు. వెనకాల ఇంకేవేవో కూడా అనేవాళ్ళు. అవి ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు తగినవేనని మీరూ అంటారు.

నోరు మంచిది కాదు. మాట్లాడితే కసురు, మాట్లాడకపోతే మూతి విరుపు. నాకు పదిహేనేళ్ళు వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని నేర్పాడు. నేర్పాడనడం మర్యాద కోసం. ఆయన తిట్టాడు, నేను నేర్చుకున్నాను. మొదటి నియమం, తప్పు పడితే చెరపకూడదు, కాగితమే మార్చాలి. చెరిపిన చోట పొర లేస్తుంది, వాయించేవాడి కన్ను అక్కడ తట్టుకుంటుంది. రెండోది, కాగితం వెనక్కి తిప్పవలసి వస్తే, ఆ వాయిద్యానికి పని లేని చోటే మొదటి పుట ముగియాలి. వాయించేవాడి రెండు చేతులూ వాయిద్యం మీదే ఉంటాయి కాబట్టి తిప్పుకోవడానికి తీరిక దొరకాలి. మూడోది ఆయనకు అన్నిటికంటే ముఖ్యం. నకలు రాసేవాడు సొంత బుర్ర వాడకూడదు. మాస్టరు రాసింది రాయాలి, లేనిది ఒక్క చుక్క కూడా కలపకూడదు. కలిపినవాడు దొంగతో సమానం అనేవాడు.

మేం ఉన్న ఇల్లు మా తాత కట్టించినది. పై వాటా మాది, కింది వాటా మా మేనత్తది. నాన్నకు ఆమె నాలుగేళ్ళు పెద్ద. ఆమెకు ఒక్కడే కొడుకు, నాకు బావ వరస. పంతొమ్మిదేళ్ళవాడు. పరాయి దొరల పాలన ఇంకో మూడు నెలల్లో పోతుందనగా, ఓడరేవు గేటు దగ్గర జెండా పట్టుకుని నడిచినవాళ్ళ మీద కాల్పులు జరిగాయి. పదకొండు మంది పోయారు. అందులో బావ ఒకడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

శవాన్ని ఇంటికి తెచ్చేసరికి వాకిలి నిండా జనం. అంతమంది మధ్య మా నాన్న, "వెళ్ళొద్దని చెప్తే విన్నాడా? ఆ జెండా పట్టుకోవడానికి ఊళ్ళో ఇంకెవడూ దొరకలేదా?" అన్నాడు. మేనమామ అన్న మాట అది. దుఃఖం పట్టలేక అన్నాడని కొందరు సర్దిచెప్పారు. నేను మాత్రం సర్దను. అది అనకూడని మాటని ఎనిమిదేళ్ళ పిల్లనైన నాకే తెలిసింది. అత్త ఏడుపు ఆపి తల ఎత్తి, తన గడప తొక్కవద్దని చెప్పింది. అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. పంపు దగ్గర పక్కపక్కనే బిందెలు పెట్టుకుని నిలబడి కూడా, నీళ్ళ సంగతి మీ నాన్నకు చెప్పు అని ఆమె, మెట్ల మీద చెప్పులు తియ్యమని మీ అత్తకు చెప్పు అని ఆయన, నాతో చెప్పేవాళ్ళు. ఇద్దరికీ చెవులు బాగానే వినపడేవి. వాళ్ళ మధ్య తపాలా మోసి మోసి నా చిన్నతనం అరిగిపోయింది.

దొరలు వెళ్ళిపోయే తేదీ ఖాయమయ్యాక, కొత్త దేశానికి ఒక పాట కావాలని పెద్దలకు గుర్తొచ్చింది. పోటీ పెట్టారు. మూడు వందల పైచిలుకు పాటలు వచ్చాయట. సగం పాటల్లో సూర్యుడు ఉదయించాడు, మిగతా సగంలో నదులు పొంగాయి. చివరికి తంతి కార్యాలయం గుమాస్తా ఒకాయన రాసిన ఎనిమిది పాదాల పాటను ఎంచారు. తంతి రాసే అలవాటు కాబట్టి క్లుప్తంగా రాశాడని, అందుకే నెగ్గిందని నాన్న వెక్కిరించేవాడు. అందులో నాలుగో పాదం "నీ బిడ్డలం" అన్న మాటతో ముగుస్తుంది. స్వరం కట్టే పని పోలీసు బ్యాండు మాస్టరుకు అప్పగించారు. జెండా ఎత్తే రోజుకు పది రోజుల గడువు.

మాస్టరు అయిదు రోజుల్లో కట్టాడు. గంభీరంగా ఉండాలని ముప్పై వాయిద్యాలనూ మొదటినుంచి చివరిదాకా ఒకేసారి మోగించాడు. ఎవడికీ ఎక్కడా తీరిక లేదు. కట్టి, పెద్ద ప్రతిని నాన్నకు పంపి, తను జ్వరంతో ఆస్పత్రిలో చేరాడు. సాధన చేయించే పని ఆయన కింది మనిషి మీద పడింది.

ఆ రోజు కోసం ప్రత్యేకంగా మందపాటి అట్టలు తెప్పించారు. సరిగ్గా ముప్పై. వాయిద్యానికి బిగించే చిన్న క్లిప్పులో పట్టాలని మామూలు కంటే ఒక అంగుళం తగ్గించి కోయించారు. మా నాన్న పద్ధతి ఏమిటంటే, ముందు ముప్పై ప్రతుల ముఖపుటలూ రాసి, గదంతా పరిచి ఆరబెట్టి, ఆ తర్వాత అన్నింటి వెనక వైపులూ రాయడం. సిరా అంటుకోకుండా ఉండటానికి అది మంచి పద్ధతే. అయితే ఆ మాటు, దేశం పాట కదా అని, ఎన్నడూ లేనిది చుక్కలు కాస్త పెద్దవిగా, విడివిడిగా, ముచ్చటగా రాశాడు. జీవితంలో ఒకే ఒక్కసారి ఆయనకు గౌరవం అనే రోగం పట్టింది. ముప్పై ముఖపుటలూ ఆరాక చూసుకుంటే, ప్రతి పుటా నాలుగో పాదం చివర నిండిపోయింది. మిగతా నాలుగు పాదాలూ వెనక్కి వెళ్ళాయి. అక్కడ ఏ వాయిద్యానికీ క్షణం తీరిక లేదు. అట్ట తిప్పడమెలా?

కాగితం మారుద్దామంటే వేరే అట్టలు లేవు. మాస్టరును అడుగుదామని వెళ్తే ఆస్పత్రివాళ్ళు లోపలికి పంపలేదు. ఇంటికొచ్చి, ముప్పై ప్రతుల్లోనూ నాలుగో పాదం తర్వాత రెండు దెబ్బల విరామం రాశాడు. డ్రమ్ము మీద రెండు దెబ్బలు కొట్టేంత కాలం, అంతే. అట్ట తిప్పడానికి అది చాలు. రాయడం పూర్తయ్యాక ఊరికే ఒక పాత కాగితాన్ని అదే కొలతకు కోసి, మామూలు చేతిరాతతో రాసి చూశాడు. పాట మొత్తం ఒక్క వైపే పట్టేసింది. ఆ కాగితం చాలా ఏళ్ళు ఆయన సొరుగులో ఉండేది. నేను పనిలో చేరాక ఒకరోజు దాన్ని నా ముందు పెట్టి ఈ సంగతంతా చెప్పి, ఎవరికైనా చెప్తే చేతులు విరగ్గొడతానన్నాడు.

జెండా ఎత్తిన రోజు మాస్టరు ఆస్పత్రి నుంచి నేరుగా మైదానానికి వచ్చి బ్యాండు ముందు నిలబడ్డాడు. పాట సగంలో బ్యాండు ఒక్కసారిగా ఆగింది. ఆయన మొహం కందగడ్డ అయిందని చూసినవాళ్ళు చెప్పారు. రెండు దెబ్బల తర్వాత మళ్ళీ మొదలై, పాట ముగిసింది. మర్నాడు పేపర్లో, "నీ బిడ్డలం" అన్న మాట తర్వాత బ్యాండు మౌనం పాటించడం ఓడరేవు గేటు దగ్గర నేలకొరిగిన పదకొండు మంది బిడ్డలకు నివాళి అని రాశారు. ఆ మౌనంలో మైదానమంతా ఏడ్చిందని కూడా రాశారు. మాస్టరును పెద్దలు పిలిచి అభినందించారు. ఆయన దండలు వేయించుకుని నోరు మూసుకున్నాడు. అలాగని ఆ విరామాన్ని తన ప్రతిలో చేర్చుకోనూ లేదు. నకలు రాసేవాడు కలిపినదాన్ని తను రాయడమేమిటని పంతం. ఆ రకం పెద్దమనుషుల మీద నాకు మా నాన్న మీద కంటే ఎక్కువ మంట.

రేడియోలో ఆ బ్యాండు పాటే వచ్చింది. బడుల్లో అదే నేర్పారు. రెండేళ్ళకు చట్టం చేశారు, విరామంలో తల వంచాలని. దేశమంతా వంచింది, మా నాన్న తప్ప. బండలా నిలబడేవాడు. ఒకసారి సినిమా హాల్లో బొమ్మకు ముందు పాట వేసినప్పుడు, వెనక సీటువాడు ఈయన ఎత్తిన మెడ చూసి చెంప ఛెళ్ళుమనిపించాడు. వాచిన బుగ్గతో ఇంటికొచ్చాడే కానీ, ఎందుకు వంచలేదో ఎవరికీ చెప్పలేదు. అక్క మీద కక్షతోనని వీధంతా అనుకుంది. అత్త కూడా ఆ వార్త విని, కొట్టినవాడి చెయ్యి చల్లగా ఉండాలని నాతో అంది. ఈ మాట కూడా నేనే పైకి మోశాను.

అత్తకు ఆ రెండు దెబ్బలే బతుకు. జెండా రోజున పదకొండు కుటుంబాలనూ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వరస పల్చబడింది. కొందరు పోయారు, కొందరు రావడం మానేశారు. ఆమె మాత్రం ఉతికిన చీర కట్టుకుని, ఒక గంట ముందే వెళ్ళి కూర్చునేది. మిగతా ఏడాదంతా ఆమె కొడుకు పేరు ఎవరూ తలిచేవాళ్ళు కాదు.

దొరలు వెళ్ళిపోయిన నలభయ్యో ఏట ప్రభుత్వం జాతీయ గీతం చరిత్ర రాయించడానికి ఒక సంఘం వేసింది. దాని కార్యదర్శి మా ఇంటికి వచ్చింది. కళ్ళజోడు, నెమ్మదైన మాట. మాస్టరు పోయి పదేళ్ళయింది, ఆయన పెద్ద ప్రతిని ప్రదర్శనశాలకు ఇచ్చారు. అందులో విరామం లేదని ఇప్పుడు బయటపడింది. పాట నిడివి తగ్గించమని టీవీ వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. మాస్టరు ఉద్దేశించని విరామమైతే తీసేయాలని సంఘంలో ఎక్కువమంది అంటున్నారట. ఆనాటివాళ్ళలో మిగిలింది మా నాన్న ఒక్కడే. బుధవారం సంఘం ముందుకొచ్చి, అది ఎలా వచ్చిందో చెప్పాలని అడిగింది. నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మొహంలో అంత ఉత్సాహం నేనెప్పుడూ చూడలేదు.

ఆమె వెళ్ళాక ఆయనతో దెబ్బలాడాను. కాగితం తిప్పడానికి రాశానని చెప్తే ఆ విరామం రేపే ఎగిరిపోతుందని, కింద ఉన్న మనిషికి ఇక మిగిలేదేమీ ఉండదని చెప్పాను. మనసనేది ఉందా అని కూడా అడిగాను.

"నలభై ఏళ్ళుగా నా తప్పు ముందు దేశం మొత్తం లేచి నిలబడుతోంది. బడిపిల్లలు దానికి తలలు వంచుతున్నారు. అది విన్నప్పుడల్లా నాకెలా ఉంటుందో నీకేం తెలుసు? పోయే ముందు ఒక్కసారి సరిదిద్దుకోనివ్వవా?" అన్నాడు.

తప్పు ఆయనది, బాధ ఆయనది, సరిదిద్దుకోవాలన్న ఆరాటమూ ఆయనదే. అందులో ఇంకో మనిషికి చోటు లేదు. ఆ రోజు ఆయనకు కంచం ముందు పెట్టి, మాట్లాడకుండా వచ్చేశాను.

మంగళవారం సాయంత్రం అత్త మా మెట్లెక్కి వచ్చింది. కార్యదర్శి ఆమె దగ్గరికీ వెళ్ళిందట. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుని, నేను పక్కనే ఉన్నా నా వైపు చూడకుండా, రేపు ఏం చెప్పబోతున్నావని నేరుగా ఆయన్నే అడిగింది.

నాన్న దాచలేదు. మెత్తగానూ చెప్పలేదు. అట్టల కొలత, పెద్దగా పడిన చుక్కలు, తిప్పుకోవడానికి తీరిక లేకపోవడం, అన్నీ వరసగా చెప్పి, "నీ కొడుక్కీ దానికీ ఏ సంబంధమూ లేదు" అన్నాడు. ఆయన నోటి మీద ఒక్కటివ్వాలనిపించింది నాకు.

 "నాకు తెలుసు" అంది అత్త. "ఆ రోజు నేను ముందు వరసలో ఉన్నాను. ముప్పై అట్టలు ఒక్కసారి తిరిగిన చప్పుడు నాకూ వినపడింది. మర్నాడు పేపరువాడు అది నా కొడుకు కోసమని రాశాడు. సరే, అలాగే కానీ అనుకున్నాను. వాడి శవం ఇవ్వడానికి మూడు రోజులు తిప్పారు. గేటు దగ్గర రాయి పాతుతామని నలభై ఏళ్ళుగా చెప్తున్నారు. ఈ దేశం వాడికి ఇచ్చిందేమన్నా ఉంటే నీ తప్పొక్కటే. అదీ లాక్కుంటావా?"

"తప్పు తప్పే" అన్నాడు నాన్న.

 అత్త కిందికి దిగుతుంటే తోడు వెళ్ళబోయాను. నా చెయ్యి విదిలించేసింది. నేనేం పాపం చేశానో నాకిప్పటికీ తెలియదు.

బుధవారం ఆ గదిలో పొడవాటి బల్లకు అటు వైపు ఏడుగురు కూర్చున్నారు. ఇటు వైపు మా నాన్నకు ఒక కుర్చీ. గోడ వారన నేను. నాకు రెండు కుర్చీల అవతల అత్త. చనిపోయినవాళ్ళ కుటుంబాల తరఫున ఆమెను పిలిచారు. అధ్యక్షుడు నాన్నను కూర్చోమన్నాడు కానీ ఆయన నిలబడే ఉన్నాడు. నాలుగో పాదం తర్వాత విరామాన్ని మాస్టరు రాశారా అని అడిగారు.

"లేదు. నేను రాశాను."

ఎందుకని అడిగారు.  నాన్న జేబులో ఆ సొరుగు కాగితం ఉందని నాకు తెలుసు, పొద్దున మడతపెట్టి పెట్టుకోవడం చూశాను. దాని కోసం చెయ్యి పెట్టాడు. పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

"గేటు దగ్గర పోయినవాళ్ళలో మా అక్క కొడుకు ఉన్నాడు. వాడి కోసం రాశాను" అన్నాడు.

సంఘంలో ఒక రిటైరైన బ్యాండు మాస్టరు ఉన్నాడు. ఆయన బల్ల మీదకు వంగి, మాస్టరు అనుమతి తీసుకున్నారా అని అడిగాడు. లేదన్నాడు నాన్న. అయితే మాస్టరు లేని సమయం చూసి, సొంత ఇంటి దుఃఖాన్ని దేశం పాటలో కలిపారన్నమాట అన్నాడాయన. అవునన్నాడు నాన్న. అలాంటివాణ్ణి తమ వృత్తిలో నకలు రాసేవాడనరని, దానికి వేరే మాట ఉందని ఆయన అన్నాడు. ఏడుగురి ముందూ ఆ మాట కూడా వాడాడు. నాకు ఆ మాట పదిహేనో ఏటినుంచీ తెలుసు. మా నాన్న నోటినుంచే నేర్చుకున్నాను. లెక్క తప్పడం ఎవరికైనా జరిగే పొరపాటు. తెలిసి కలపడం అలా కాదు. చిన్న తప్పు ఒప్పుకుని తేలిగ్గా బయటపడదామని నలభై ఏళ్ళు కాచుకున్న మనిషి, చెయ్యని పెద్ద తప్పును నెత్తికెత్తుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఆయన చరిత్రలో అలాంటిది అదే మొదలు.

అధ్యక్షుడు మిగతావాళ్ళతో గుసగుసలాడాడు. కారణం ప్రజలు నమ్ముతున్నదే కాబట్టి విరామాన్ని ఉంచుతామని, అయితే నకలు రాసే ఉద్యోగి అనుమతి లేకుండా మూల ప్రతిని మార్చాడని చరిత్ర పుస్తకంలో రాస్తామని చెప్పాడు. కార్యదర్శి కాగితం ముందుకు తోసింది. నాన్న చదవకుండా సంతకం పెట్టాడు.

బయట వసారాలో నడుస్తుంటే వెనకనుంచి, "ఏరా" అని పిలుపు. నలభై ఏళ్ళలో ఆమె ఆయన్ను అలా పిలవడం నేను వినలేదు. నాన్న ఆగాడు కానీ వెనక్కి తిరగలేదు. అత్త నడిచొచ్చి ఎదురుగా నిలబడింది.

"వాళ్ళకు చెప్పింది వాళ్ళకు. నాకు నిజం చెప్పు. అది రాస్తున్నప్పుడు వాడు ఒక్కసారైనా గుర్తొచ్చాడా?"

అవునంటే పోయేదేముంది? లోపల ఏడుగురికి చెప్పిన అబద్ధమే, ఎనిమిదో మనిషికి చెప్తే సరిపోయేది. చెప్పు, చెప్పి చావు అని నేను లోలోపల మొత్తుకుంటున్నాను.

"లేదక్కా" అన్నాడు నాన్న. "అట్టలు చాలవన్న గొడవే తప్ప ఇంకేదీ గుర్తు లేదు. వాడు పోయి మూడు నెలలే అయింది. మర్నాడు పేపరు చదివాక గుర్తొచ్చాడు. ఎవడో ముక్కూ మొహం తెలియని పేపరువాడికి తట్టింది, మేనమామను, నాకు తట్టలేదు. ఇక నేను ఏ మొహం పెట్టుకుని తల వంచాలి?"

 అత్త కళ్ళలో నీళ్ళేమీ లేవు, కోపం మాత్రం ఎప్పటంతే ఉంది.

"నేను నిన్ను క్షమించను" అంది.

"నేను అడగలేదు" అన్నాడు నాన్న.

ఇద్దరూ అక్కడే బెంచీ మీద కూర్చున్నారు, కాళ్ళ నొప్పులవాళ్ళు కదా. ఆమె క్షమించలేదు, ఆ తర్వాత బతికిన అయిదేళ్ళలో కూడా. నేను వాళ్ళ ముందు నిలబడి, నా ఎనిమిదో ఏటినుంచి లెక్క వేసుకుంటే నాకు ఏడుపూ ఆగలేదు, నోట్లో తిట్లూ ఆగలేదు. ఒకే ఇంట్లో కిందా పైనా కాపురమున్న అక్కాతమ్ముళ్ళకు ఈ నాలుగు మాటలు అనుకోవడానికి నలభై ఏళ్ళూ, ఒక ప్రభుత్వ సంఘమూ కావలసి వచ్చాయి.